ఉప్పునీరు, మంచినీరు, ఒక పాత తుపాకి

ఈ వార్షిక సంచికకు తెలుగు శాఖ నుండి ఒక వ్యాసము కావలెనని సంపాదకవర్గము వారు కోరినప్పుడు, నేను ఏ ప్రబంధకవిని గురించియో, ఏ అలంకారమును గురించియో వ్రాయుదునని తలచి ఉందురు. నేను ఒక పాత తుపాకిని గురించి వ్రాయుచున్నాను. రసాయనశాస్త్ర శాఖలోని మిత్రులు తమ పొలములో పరాయి పశువు పడినదని కోపగించుకొనరాదని ముందుగానే మనవి. నిజమునకు ఈ వ్యాసములోని మేలైన భాగము వారి ప్రయోగశాలలో దొరికినదే. అది చివర చెప్పుదును.

మా దాదాగారికి ఒక జంటగొట్టముల తుపాకి ఉండెడిది. మా ఇంటి ఉర్దూలో దానిని ‘దోనాలీ’ అందురు. ఆంగ్లదేశమున తయారైన పన్నెండు బోరు తుపాకి అది. పన్నెండు బోరు అనగానే విద్యార్థులు గొట్టపు వెడల్పు పన్నెండు మిల్లీమీటర్లు కాబోలని భ్రమపడుదురు. అది కాదు. ఒక పౌను సీసమును పన్నెండు సమానమైన గుండ్లుగా పోసినచో ఒక్కొక్క గుండు ఎంత లావుండునో, గొట్టపు రంధ్రము అంత లావని దాని అర్థము. ఇప్పటి కొలతలో సుమారు 18.5 మిల్లీమీటర్లు. కాబట్టి బోరు సంఖ్య పెరిగినకొలది గొట్టము సన్నమగును. తుపాకి మడమ అక్రోటు చెక్కతో చేసినది. గొట్టములకు నీలివన్నె కలిసిన నల్లని పూత. రెండు గొట్టములను కలిపి ఉంచుటకు పైన ఒకటి, క్రింద ఒకటి సన్నని ఇనుప పట్టీలను టంకము పెట్టి అతికినారు. ఈ పట్టీలను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. మా కథలో అపకారమంతయు వాటి చాటుననే జరిగినది.

సామర్లకోట మంచినీటికిని ఉప్పునీటికిని నడుమ ఉన్న ఊరు. 1852లో కాటన్ దొర పూర్తి చేసిన ధవళేశ్వరము ఆనకట్ట నుండి వచ్చు కాలువ మన ఊరి పేరుతోనే సామర్లకోట కాలువ అయినది. ఆ నీరు త్రాగి, ఆ నీటితో పంట పండించుకొని బ్రతుకుచున్నాము. కాని సుమారు పదునైదు కిలోమీటర్లు తూర్పునకు పోయినచో కాకినాడ తీరము, దానికి దక్షిణమున కోరంగి మడ అడవులు, ఎదుట హోప్ ఐలాండు. అచ్చటి పాయలలో పోటు వచ్చినప్పుడు సముద్రము లోనికి వచ్చును, ఆటు సమయమున బురద మేటలు బయటపడును. శీతకాలము రాగానే ఉత్తరపు చలిదేశముల నుండి సూదితోక బాతులు మొదలగు వలస పక్షులు ఆ మేటల మీద దిగును. పరజలని మనవారు పిలుచు బాతులును ఆ నీళ్ళలో కనబడును. ఆ కాలమున మా దాదాగారు తెల్లవారుజామున పడవలో పోయి, ప్రొద్దెక్కువేళకు తిరిగి వచ్చెడివారట. ఇదంతయు మా అబ్బా చెప్పగా నేను విన్నది. నేను పుట్టునప్పటికే ఆ వేట ముగిసిపోయినది.

అది ముగియుట మంచిదే. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినప్పుడు కొన్ని పక్షులను లైసెన్సుతో వేటాడుటకు ఇంకను అవకాశము మిగిలి ఉండెను. 1991 నాటి సవరణతో ఆ తలుపును మూసివేసినారు. కోరంగి 1978లోనే అభయారణ్యమైనది. పడమట కొల్లేరు 1999లో అయినది, 2002లో రామ్‌సర్ ఒడంబడిక జాబితాకు ఎక్కినది. ఈనాడు ఆ పక్షులపై తుపాకి ఎత్తుట నేరము. పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ గారికి పక్షులపై ఆసక్తి పుట్టినది చిన్ననాడు గాలితుపాకితో ఒక పిచ్చుకను కొట్టినప్పుడని ఆయన తన ఆత్మకథలో చెప్పుకొన్నారు. తరువాత దేశములోని పక్షులను కాపాడుటకు ఆయన కంటె ఎక్కువ పాటుపడినవారు అరుదు. తుపాకి పట్టిన చేయి దుర్భిణి పట్టుట సిగ్గుపడవలసిన విషయము కాదు.

వేట పోయినది గాని తుపాకి పోలేదు. డెల్టాలో ఇట్టి ఇండ్లు ఇంకను కొన్ని ఉన్నవి. తాతల నాటి లైసెన్సు తండ్రి పేరికి మారి, ఆ వస్తువు బీరువాలో పడి ఉండును. దానిని ప్రేల్చువాడు లేడు, కడుగువాడును లేడు. తుపాకి లేనివారు ఈ వ్యాసమును ఇచ్చటనే వదలివేయనక్కరలేదు. సముద్రపు గాలి తగులు ఊళ్ళలోని కుట్టుమిషను, సైకిలు, నూతి గిలక, కత్తిపీట, అన్నింటికి శత్రువు ఒక్కటే.

మా దాదాగారు అజాగ్రత్తపరులు కారు. వేట నుండి రాగానే అన్నము తినక ముందే తుపాకిని విప్పి, గొట్టములలో పొడిగుడ్డ లాగి, పైన కొబ్బరినూనె రాచి, తోలు సంచిలో పెట్టెడివారట. ఆ పద్ధతిలో తప్పున్నదని మొదట చెప్పినవాడు చదువు రాని పడవవాడు.

“ఆయ్, సాయిబుగారండీ, ఉప్పునీళ్ళు తగిలిన ఇనుముకు ముందే నూనె రాయకండి. మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, అప్పుడు రాయండి. మా కత్తులకైనా అంతేనండి” అన్నాడట.

“ఇనుమును నీళ్ళతో కడిగితే జంగు పట్టక ఏమవుతుందోయ్?” అని దాదాగారు నవ్వినారట.

మా అబ్బా ఆనాడు పడవలో ఉన్న పిల్లవాడు. ఆ నవ్వు తనకింకను వినబడునని ఆయన చెప్పుదురు. దాదాగారి ప్రశ్న సహజమైనదే. నీటి వలన తుప్పు పట్టునని అందరము ఎరుగుదుము. అట్టిచో నీటితో కడుగుమనుట ఏమి న్యాయము? ఈ ప్రశ్నకు సమాధానమే ఈ పాఠము.

ఇనుము తుప్పు పట్టుటకు ప్రాణవాయువు, నీరు రెండును కావలెను. ఒక చోట ఇనుము కరిగి తన విద్యుత్కణములను విడుచును. ప్రక్కనే మరియొక చోట ప్రాణవాయువు, నీరు కలిసి వాటిని గ్రహించును. అనగా ఇనుప ముక్కపై నిలిచిన ప్రతి నీటిబొట్టు ఒక చిన్న బ్యాటరీ వంటిది. మంచినీరు విద్యుత్తును పేలవముగా మోయును గనుక ఆ బ్యాటరీ మెల్లగా పనిచేయును. లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు గల సముద్రపు నీరు విద్యుత్తును చక్కగా మోయును. అంతే కాదు. ఇనుముపై సహజముగా ఏర్పడు పలుచని రక్షణ పొరను ఉప్పులోని క్లోరైడు అక్కడక్కడ ఛేదించును. అందువలన తుప్పు పైపైన సమముగా వ్యాపింపక, సూదితో పొడిచినట్లు గుంటలు చేయుచు లోపలికి దిగును. తుపాకి గొట్టమునకు ఎర్రని పైతుప్పు కంటె ఈ గుంటలే ప్రమాదకరములు.

ఇంకొక సంగతి ఉన్నది, ముఖ్యమైనది అదే. మంచినీరు ఆరిపోయినచో పోయినట్లే. ఉప్పునీరు ఆరినచో నీరు పోవును గాని ఉప్పు మిగులును. ఆ ఉప్పు ఊరక ఉండదు. గాలిలో తేమ సుమారు 75 శాతము దాటగానే శుద్ధమైన ఉప్పు ఆ తేమను పీల్చి తానే కరిగి నీరగును. మన తీరమున తెల్లవారుజామున అంత తేమ ఉండుట వింత కాదు. సముద్రపు ఉప్పులో ఉండు మెగ్నీషియం క్లోరైడునకైతే 33 శాతము తేమయే చాలును. వానకాలమున వంటింటిలో కల్లుప్పు జాడీ అడుగున నీరు ఊరుట మన తల్లులందరు ఎరిగిన విషయమే. ఆ జాడీలో జరుగునదే తుపాకి పట్టీ క్రింద జరుగును. ఒకనాడు పడిన సముద్రపు తుంపర, నీటిబొట్టుగా ఎన్నడో ఆరిపోయినను, ఉప్పుగా అక్కడనే కూర్చుండి, ప్రతి రాత్రి కొంత నీరు పోగుచేసుకొనుచు, ప్రతి పగలు కొంత ఆరుచు, ఏండ్ల తరబడి పని చేయుచుండును.

మరి నూనె? నూనె నీటిని రానీయకుండ అడ్డుపడును గదా అని అందురు. ఇచ్చట మరల వంటింటికే పోవలెను. ఆవకాయ జాడీలో పైన తేరిన నూనెను వ్రేలితో తీసి నాలుక మీద పెట్టుకొన్నచో అందులో ఉప్పదనము అంతగా ఉండదు. ఉప్పంతయు అడుగున ఊటలో ఉండును. నూనెలో ఉప్పు కరుగదు. ఉప్పు అంటిన ఇనుముపై నూనె రాచుట అనగా ఉప్పును తీసివేయుట కాదు, దానిపై దుప్పటి కప్పుట. తుడిచిన గుడ్డ ఎంత మెత్తనిదైనను గుంటలలోనికి, మరల సందులలోనికి, పట్టీల క్రిందికి పోలేదు. అచ్చటికి పోగలిగినది, ఉప్పును కరిగించి బయటకు తేగలిగినది లోకములో ఒక్కటే: మంచినీరు. పడవవాడు చెప్పిన మాటలోని శాస్త్రము ఇంతే. నేటికిని సముద్రము నుండి తిరిగివచ్చిన పడవ ఇంజనులోనికి మంచినీరు పంపి కడుగుట అందుకే.

ఈ జ్ఞానము పూర్వము తుపాకి పట్టినవారికి ఉండెడిదే. పాతకాలపు నల్లమందులో నూటికి 75 పాళ్ళు పెట్లుప్పు, మిగిలినది బొగ్గు, గంధకము. పెట్లుప్పు అను తెలుగు మాటలోనే ఉప్పు ఉన్నది; దానినే పారశీక పదమును చేర్చుకొని సూరేకారమందుము. ఆ మందు కాలిన తరువాత గొట్టములో మిగులు కసటు తేమను లాగుకొనునది, నీటిలో కరుగునది. అందువలన ఆ తరము వారు తుపాకిని వేడినీటితో కడిగి ఆరబెట్టెడివారు. పందొమ్మిదవ శతాబ్దము చివర పొగలేని మందు వచ్చినది. గొట్టములో మసి కనబడుట తగ్గినది; కడుగుటయు మానివేసినారు. కాని తూటా అడుగున నిప్పు పుట్టించు మసాలాలో చాలకాలము వరకు పొటాషియం క్లోరేటు వాడెడివారు. అది కాలి పొటాషియం క్లోరైడుగా మారును. వంటింటి ఉప్పునకు అది తోడబుట్టినది. సముద్రము మొగము చూడని తుపాకులు సైతము తుప్పు పట్టిపోయి, వారు మందును, వాతావరణమును నిందించినారు. 1920ల తరువాత ఆ మసాలా క్రమముగా మారినది. ఒక మంచి అలవాటు, దాని కారణము మరచిపోయినందువలన, అవసరము తీరకముందే పోవుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము నాకు తెలియదు.

నా శాఖకు సంబంధించిన ఒక్క మాట. ఇనుముపై పట్టునది తుప్పు, రాగి ఇత్తడులపై పట్టునది చిలుము. తెలుగు ఈ రెంటిని వేరుగా చెప్పును. ఉర్దూలో జంగు, మోర్చా అను మాటలు కలవు. తుపాకి అను మాట పారశీక తురుష్క భాషల నుండి వచ్చి, మన అజంత స్వభావమునకు తగినట్లు చివర ఇకారమును ధరించి, ఇప్పుడు పరదేశి అని ఎవరును అనుకొనని స్థితికి చేరినది. బందూకు అన్నది అరబ్బీలో మొదట ఒక గింజ పేరు. గింజ వంటి గుండుకు, ఆ పైన గుండు వేయు ఆయుధమునకు అది పేరైనది. మా తరగతిలో ఒక విద్యార్థి “తుపాకికి పట్టేది తుప్పు కాబట్టి ఆ పేరు వచ్చిందా సార్?” అని అడిగినాడు. కాదు నాయనా. కాని ప్రశ్న బాగున్నది.

మరియొక విద్యార్థి ఢిల్లీ ఇనుప స్తంభమును గురించి అడిగినాడు. సుమారు 1600 ఏండ్లుగా వానలో నిలిచి అది తుప్పు పట్టలేదేమని. ఆ ఇనుములో భాస్వరము ఎక్కువ. దాని వలన ఉపరితలమున ఒక రక్షణ పొర ఏర్పడినదని కాన్పూరు ఐ.ఐ.టి. లోని బాలసుబ్రమణియం గారు పరిశోధించి చెప్పినారు. ఢిల్లీ గాలి సంవత్సరములో చాల భాగము పొడిగా ఉండుటయు తోడ్పడినది. తుపాకి ఉక్కులో అంత భాస్వరము ఉంచరు, ఉంచినచో పెళుసగును. కొన్ని పాత జమీందారీ తుపాకుల గొట్టములపై నీటి అలల వంటి గీతలు కనబడును. వాటిని డమాస్కస్ గొట్టములందురు. మన నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రములో కరగిన ఉక్కును పారశీక వర్తకులు కొనిపోయెడివారని, డమాస్కస్ కత్తులకు అట్టి ఉక్కే ఆధారమని చదివినవారు, ఈ గొట్టములును మన ఉక్కేనని గర్వించుట కలదు. పేరు ఒక్కటే గాని వస్తువు వేరు. ఆ గొట్టములు బర్మింగ్‌హాము, లీజ్ వంటి ఐరోపా పట్టణములలో ఇనుప, ఉక్కు పట్టీలను మెలిపెట్టి చుట్టి అతికినవి. అతుకు అతుకునకు తుప్పు దూరుటకు దారి ఉన్నందున వాటి విషయమున జాగ్రత్త రెట్టింపు కావలెను. ఇప్పటి తూటాలను వాటిలో ఎన్నడును వాడరాదు.

ఇక చేయవలసిన పని. ముందుగా తుపాకిలో తూటా లేదని కంటితోను వ్రేలితోను చూచుకొనవలెను. లేదని చెప్పిన మాటను నమ్మరాదు, చెప్పినవారు తండ్రియే అయినను. తరువాత గొట్టములను, ముందరి చెక్కను, మడమను విడదీయవలెను. గొట్టములను మాత్రమే కడుగవలెను. గోరువెచ్చని నీటితో ఒకసారి, బాగుగా కాగిన నీటితో మరియొకసారి, రెండు గొట్టములలో నుండియు, పట్టీల పొడవునను ధారగా పోయవలెను. కాగిన నీరు పోయుటలో కిటుకు ఉన్నది: ఇనుము వేడెక్కును, ఆ వేడికే మిగిలిన తడి ఆరును. ఉడుకునీటికి టంకము కరుగదు. కాని తొందరపడి గొట్టమును మంట మీద పెట్టినవారు పట్టీలు ఊడదీసుకొందురు. గుఱ్ఱము, స్ప్రింగులు ఉండు యంత్రభాగమును నీటిలో ముంచరాదు. తడిగుడ్డతో నాలుగైదుసార్లు, ప్రతిసారి గుడ్డ మార్చి, తుడిచి ఆరబెట్టవలెను. దానిని విప్పుట లైసెన్సు గల మరమ్మతుదారుని పని. స్క్రూల తలలు చెడగొట్టుకొనుట మన పని కాదు. చెక్కను ఎండలో పెట్టరాదు, పగులును. పొడిగుడ్డతో తుడిచి, అప్పుడప్పుడు అవిసెనూనె రెండు చుక్కలు అరచేతితో రుద్దిన చాలును.

ఆరిన తరువాతనే నూనె. కొబ్బరినూనె, ఆముదము మన ఇండ్లలో అన్నింటికి మందు. కాని ఇచ్చట పనికిరావు. నిలువ ఉన్నకొలది అవి ముక్కిపోయి ఆమ్లమును పుట్టించును, జిగురుగా పేరుకొనును. కుట్టుమిషనుకు వాడు పలుచని ఖనిజతైలము చాలును. కిరసనాయిలు జిడ్డును వదలించును గాని రక్షణగా నిలువదు. చాల నెలలు ముట్టుకొనము అనుకొన్నప్పుడు వాసెలీనో, గ్రీజో పలుచగా పూయుట మేలు. నూనె ఎక్కువైనను కీడే: నిలబెట్టిన తుపాకిలో నూనె మెల్లగా క్రిందికి జారి మడమ చెక్కలోనికి ఇంకి దానిని మెత్తబరచును. కొంతకాలము గొట్టపు మూతి క్రిందికి ఉండునట్లు పెట్టుట అందుకే.

తుప్పు అప్పటికే పట్టి ఉన్నచో మన ఆడవారు ఇత్తడి బిందెలకు చేయునట్లు చింతపండు, బూడిద పెట్టి తోముటకు పూనుకొనరాదు. చింతపండు పులుపు తుప్పుతో పాటు నల్లని పూతను కూడ తినివేయును. ఆ నల్లని పూత ఏమిటో తెలిసికొన్నచో ఆశ్చర్యము కలుగును: అదియు ఒక విధమైన తుప్పే. ఇనుముపై పలుచగా ఎర్రతుప్పు పుట్టించి, శుభ్రమైన నీటిలో ఉడికించినచో అది నల్లని, గట్టి ఆక్సైడుగా మారును. దానిని రుద్ది, మరల తుప్పు పుట్టించి, మరల ఉడికించి, ఇట్లు పలుమార్లు చేసి పాతకాలపు పనివారు ఆ నీలివన్నె తెచ్చెడివారు. అదుపులో ఉన్న తుప్పు కవచము, అదుపు తప్పినది చీడ. కొత్తపూత కొరకు గొట్టములను వేడి క్షారపు తొట్టిలో ముంచు కర్మాగారములకు ఇయ్యరాదు. ఆ క్షారము టంకమును తినును.

దాచుటలో చేయు పెద్ద తప్పు తోలు సంచి. చూచుటకు బాగుండును, ఇంటి గౌరవమును చెప్పుచున్నట్లుండును. కాని తోలు చెమ్మను, పదును పెట్టిన రసాయనములను, ఒకప్పటి ఉప్పును తనలో దాచుకొని రాత్రింబవళ్ళు ఇనుమునకు అందించును. గొట్టము గాలి తగులునట్లు, తాళము వేసిన ఉక్కు బీరువాలో ఉండవలెను. తూటాలు వేరొకచోట తాళములో ఉండవలెను. సిలికాజెల్ పొట్లములు పెట్టి, రంగు మారినప్పుడు వేడిచేసి మరల పెట్టవచ్చును. ఎన్నికల సమయమున ఆయుధములను ఠాణాలో అప్పగించవలసి వచ్చును. ముందురోజు గ్రీజు పూసి ఇచ్చుట, తిరిగి వచ్చిన రోజుననే విప్పి చూచుట అవసరము. మేము ఒకసారి చూడలేదు. లైసెన్సుదారు మరణించినచో ఆ ఆయుధమును వారసులు ఊరక ఉంచుకొనరాదు. తమ పేర లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకొనుటయో, ఠాణాలోగాని అధీకృత వ్యాపారి వద్దగాని అప్పగించుటయో చేయవలెను. 2019 సవరణ తరువాత ఒక వ్యక్తి రెండు ఆయుధములకు మించి ఉంచుకొనరాదు. పెట్టెలో పడియున్న తాతగారి తుపాకిని మరచిపోయితిమనుట చట్టము ఎదుట సమాధానము కాదు.

మా తుపాకి సంగతి. కొన్నేండ్ల క్రిందట లైసెన్సు పునరుద్ధరణ సమయమున తోలు సంచి విప్పగా, పైకి నల్లగా నిగనిగలాడుచున్న గొట్టముల నడుమ, క్రింది పట్టీ అంచున గోధుమరంగు గీత ఒకటి కనబడినది. తుప్పు ఇనుము కంటె ఎన్నో రెట్లు చోటు ఆక్రమించును గనుక పట్టీని లోపలి నుండి పైకి ఎత్తుచుండెను. మరమ్మతుదారు గొట్టపు మందమును కొలిచి, “సార్, దీనిని ఇక ప్రేల్చవద్దు. కావలసినన్నాళ్ళు చూచుకొనండి” అన్నాడు. ప్రేల్చవలెనన్న కోరిక మాకు లేదు. కాని మా అబ్బా ఆ రోజు భోజనము చేయలేదు. దానిని అప్పగించివేయుదమని ఆయన, కడిగి చూచుదమని నేను. చివరకు మరమ్మతుదారు పట్టీ ఊడదీసి ఇచ్చినాడు. మేమిద్దరము పెరటిలో కూర్చుండి కడిగినాము.

కుళాయి నీటిలోను కొంత క్లోరైడు ఉండును గనుక, పరీక్ష కొరకు స్వేదనజలము తెచ్చినాము. వేడిచేసిన స్వేదనజలములో ఆ గుంటలను నానబెట్టి, ఆ నీటిని నాలుగు సీసాలలో వరుసగా పట్టినాము. మరునాడు కళాశాలకు సీసాలను మాత్రమే తెచ్చినానని కళాశాల కమిటీ వారికి విన్నవించుకొనుచున్నాను. రసాయనశాస్త్ర ఉపన్యాసకులు ఒక్కొక్క నాళికలో కొంత నీరు పోసి, నత్రికామ్లము చుక్క వేసి, వెండి నైట్రేటు ద్రావణము కలిపినారు. మొదటి నాళికలోని నీరు పెరుగు విరిగినట్లు తెల్లగా ముద్దకట్టినది. నేను పుట్టకముందు కాకినాడ పాయలలో తుపాకికి అంటిన ఉప్పు, పైన ఎన్నో పొరల నూనె క్రింద, అన్నేండ్లు అచ్చటనే ఉన్నది. రెండవ నాళికలో తెలుపు తగ్గినది. మూడవది సన్నని పొగమంచు వలె ఉన్నది. నాలుగవది నిర్మలముగా ఉన్నది.

ఆ నాలుగు నాళికలను మా అబ్బాకు చూపించుటకు ఆ సాయంకాలమే ఫోటో తీసి తీసికొనిపోయినాను. ఆయన చాలసేపు చూచి, “ఆ పడవవాడి పేరు కూడ అడగలేదురా మేము” అన్నారు.